తెరుచుకోని ఉత్తరాల పెట్టె

1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు ఆర్పానెట్ మీద ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు మొదటి ఈ-మెయిలు పంపినాడు. అందులో ఏమి వ్రాసినాడో తర్వాత ఆయనకే జ్ఞాపకం లేదు. ఆనాడు ఉత్తరం చేరడమే వింత. క్రమంగా ఒప్పందాలు, లెక్కలు, కుటుంబ క్షేమ సమాచారాలు అన్నీ ఈ మార్గాన్నే పట్టినవి. అప్పుడు పంపడం కంటె భద్రపరచడమే పెద్ద సమస్య అయినది.

1997లో మైక్రోసాఫ్టు సంస్థ అవుట్‌లుక్ అనే ప్రోగ్రామును విడుదల చేసినది. ఉత్తరాలు, చిరునామాలు, దినచర్య పట్టిక అన్నిటినీ అది సొంత కంప్యూటరులో పి.ఎస్.టి. అనే ఒకే ఫైలులో దాచగలదు. ఒక్క ఫైలును నకలు తీసుకుంటే చాలును, ఇది సౌకర్యం. ఆ ఒక్కటి చెడితే ఏండ్ల తరబడి కూడిన ఉత్తరాలన్నీ ఒకేసారి అందకుండా పోతాయి; ఇది ప్రమాదం.

చెడడమంటే ఏమిటి? ఈ ఫైలులో సమాచారం చిన్న చిన్న దిమ్మలుగా ఉంటుంది. వాటిని వెదకడానికి చెట్టు కొమ్మలవలె శాఖలుగా చీలే రెండు సూచికలు ఉన్నవి. ఏ ఉత్తరానికి ఏ దిమ్మ చెందునో మొదటిది చెప్పుతుంది. ఆ దిమ్మ ఫైలులో ఎక్కడ ఉన్నదో రెండవది చెప్పుతుంది. వ్రాత నడుమ కరెంటు పోతే సూచిక చెడవచ్చును. తాళపత్ర గ్రంథానికి దారం తెగితే ఆకులు చెదరుతాయి గాని అక్షరాలు చెరగవు. ఇక్కడా అంతే. ఉత్తరాలు చాలావరకు క్షేమంగానే ఉంటాయి. వాటికి దారి మాత్రమే పోతుంది.

పాత పి.ఎస్.టి. ఫైళ్లలో స్థానాలను 32 బిట్ల సంఖ్యలతో గుర్తించేవారు. ఫైలు పరిమాణానికి 2 గిగాబైట్ల హద్దు ఉండేది. ఆ హద్దు తాకిన ఫైలు ఒకనాడు హఠాత్తుగా తెరుచుకొనేది కాదు. దీనికి మైక్రోసాఫ్టు ఇచ్చిన చికిత్స కఠినమైనది: ఫైలుకు నకలు తీసి, దాని చివరి భాగాన్ని కొంత కోసివేయడం. వేలు తీసి ప్రాణం నిలిపినట్లు, కోసిన భాగంలోనివి పోయినా తక్కినవి దక్కేవి.

కోసిన తర్వాత, లేదా సూచిక చెడినప్పుడు, స్కాన్‌పిఎస్‌టి అనే మరమ్మతు పనిముట్టును వాడుతారు. అది ఫైలునంతా పరీక్షించి, మిగిలిన దిమ్మలను బట్టి సూచికలను తిరిగి కడుతుంది. ఏ అరకు చెందునో తెలియని ఉత్తరాలను వేరొక అరలో చేరుస్తుంది. డిస్కు మీద అదే చోట క్రొత్త సమాచారం పడితే మాత్రం పాతదానిని ఏ పనిముట్టూ తేలేదు.

2003లో వచ్చిన అవుట్‌లుక్ 64 బిట్ల స్థానాలను ప్రవేశపెట్టి హద్దును 20 గిగాబైట్లకు పెంచినది. 2010లో అది 50 అయినది. అంతకంటె ముఖ్యమైన మార్పు 2010 ఫిబ్రవరిలో జరిగినది. అప్పటివరకు ఈ ఫైలు నిర్మాణాన్ని ఆ సంస్థ బహిరంగంగా వివరించలేదు. బయటివారు బైట్లను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఊహించి పనిముట్లు తయారుచేసుకొన్నారు. ఆ నెలలో మైక్రోసాఫ్టు సంపూర్ణ వివరణను ప్రకటించినది. నాటినుండి అవుట్‌లుక్ లేకున్నా ఆ ఫైలును చదివే ప్రోగ్రామును ఎవరైనా వ్రాయవచ్చును.

ఉత్తరం వ్రాసినవారిది, అందుకొన్నవారిది. దానిని దాచిన పెట్టె కట్టుబడి తయారుచేసినవారికి మాత్రమే తెలిసి ఉంటే, పెట్టె చెడిననాడు యజమాని పరాధీనుడవుతాడు. మరమ్మతుకు పూనుకొనేవారు మొదట చెడిన ఫైలుకే నకలు తీసి, ఆ నకలుమీదనే పనిచేయవలెను. చెడకముందే వేరొక డిస్కుమీద మరొక నకలు ఉంచుకొన్నవారికి ఆ మరమ్మతు అవసరమే రాకపోవచ్చును.