ఏడీహెచ్‌డీ, సరదా పైలట్లు: అమెరికా వైద్య అర్హత నిబంధనల చరిత్ర

ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, తొందరపాటు ఏడీహెచ్‌డీ ముఖ్య లక్షణాలు. ఇవి ఉన్నవారికి, వీటికి మిథైల్‌ఫెనిడేట్, యాంఫెటమిన్ మందులు వాడుతున్నవారికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ సాధారణంగా వైద్య ధ్రువపత్రం ఇవ్వదు.

జీతానికి కాక సొంత సంతోషానికి విమానం నడిపేవారికి మూడో తరగతి ధ్రువపత్రం చాలు. చిక్కంతా దాని దరఖాస్తులోనే ఉంది. 8500-8 ఫారంలోని 18వ అంశం ఇలాంటి సమస్య ‘మీ జీవితంలో ఎప్పుడైనా’ ఉందా అని అడుగుతుంది. స్కూల్లో రెండో తరగతి చదువుతూ ఏడాదిపాటు మాత్రలు మింగి మానేసిన పిల్లవాడు ముప్పై ఏళ్లు వచ్చాక కూడా అక్కడ ‘అవును’ అనే గుర్తు పెట్టాలి. 2023 దాకా అలాంటివారు కూడా ఆ తర్వాత పాత స్కూలు రికార్డులు వెతకాల్సి వచ్చేది. మందు మాని 90 రోజులు గడిచాక న్యూరోసైకాలజిస్టు ముందు గంటల తరబడి పరీక్షలు రాయాల్సి వచ్చేది, ఒంట్లో మందు లేదని మూత్ర పరీక్షతో చూపాల్సి వచ్చేది. ఖర్చంతా దరఖాస్తుదారుదే.

2004 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన స్పోర్ట్ పైలట్ నిబంధన మరో దారి తెరిచింది. నేల మీద దిగే రకాల్లో 600 కిలోలకు మించని రెండు సీట్ల తేలికపాటి విమానాలకు డ్రైవింగ్ లైసెన్సే వైద్య అర్హతగా సరిపోయేది. అయితే చివరిసారి పెట్టుకున్న వైద్య దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఈ దారి మూసుకుపోతుంది. అసలు దరఖాస్తే పెట్టనివారికి తెరిచే ఉంటుంది. నిజాయితీగా అడిగి కాదనిపించుకున్న మనిషికి, అడగనివాడికి ఉన్నపాటి వీలు కూడా లేకపోవడం ఈ నిబంధనలోని పెద్ద అన్యాయం. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నంతమాత్రాన మందు వేసుకుని ఎగరవచ్చని కూడా కాదు. సురక్షితంగా నడపలేని స్థితిలో తనను తాను ఆపుకోవలసిన చట్టపరమైన బాధ్యత పైలట్‌దే.

2012లో ఏఓపీఏ, ఈఏఏ అనే విమానయాన సంఘాలు డ్రైవింగ్ లైసెన్సు వెసులుబాటును పెంచాలని అర్జీ పెట్టాయి. 2016 చట్టంతో వైద్య ధ్రువపత్రానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన బేసిక్‌మెడ్ 2017 మే 1 నుంచి అమలైంది. నాలుగేళ్లకోసారి మామూలు డాక్టరు పరీక్ష, రెండేళ్లకోసారి ఆన్‌లైన్ పాఠం దీని పద్ధతి. కానీ 2006 జూలై 14 తర్వాత ఒక్కసారైనా ధ్రువపత్రం పొంది ఉండాలి. అంటే ఏడీహెచ్‌డీ ఉన్న కొత్తవారు మళ్లీ ఆ 18వ అంశం దగ్గరికే రావాలి.

2023లో ఎఫ్‌ఏఏ ‘ఫాస్ట్ ట్రాక్’ తెచ్చింది. నాలుగేళ్లుగా మందులు గానీ, లక్షణాల ఇబ్బంది గానీ లేనివారిని చిన్న మూల్యాంకనంతో తేల్చవచ్చు. చిన్నప్పటి నిర్ధారణ మోస్తున్నవారికి ఇది నిజమైన ఊరట. మిగతావారికి పాత సుదీర్ఘ పరీక్షలే.

2025లో మోజాయిక్ నిబంధన స్పోర్ట్ పైలట్ విమానాలకు బరువు పరిమితిని తీసేసి, నాలుగు సీట్ల వాటిని కూడా అనుమతించింది. తిరస్కరణ షరతును మాత్రం అలాగే ఉంచింది.