మన్యంలో రహదారి – రాజ్యాధికారం: గూడెం ప్రాంత పరిశీలన (1839–1924)

వ్యాస సంగ్రహం

కొండప్రాంతాల్లో రహదారి నిర్మాణాన్ని సాధారణంగా ప్రగతికి గుర్తుగా పరిగణిస్తారు. విశాఖ మన్యంలోని గూడెం ప్రాంతంలో అది వలసపాలన స్థిరపడడానికి ఎట్లా సాధనమైందో, 1922–24 నాటి తిరుగుబాటుకు ఎట్లా ఒక కారణమైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మన్యం, ముఠాదారు, పోడు, వెట్టిచాకిరి, ఘాట్ రోడ్డు, అల్లూరి సీతారామరాజు.

1. ముఠాదారుల కాలం

తూర్పు కనుమల్లోని గూడెం, రంప ప్రాంతాలు మైదాన ప్రభుత్వాలకు చాలాకాలం పేరుకు మాత్రమే లోబడి ఉన్నాయి. నిటారు కొండలు, దట్టమైన అడవులు, బయటివారిని పీడించే మలేరియా ఇందుకు కారణాలు. 1839 నాటి 24వ చట్టం ద్వారా ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకు ఏజెంటు హోదాలో ప్రత్యేకాధికారాలు ఇచ్చింది. ‘ఏజెన్సీ’ అనే వ్యవహారం ఇట్లా ఏర్పడింది. గ్రామాల స్థాయిలో మాత్రం పెత్తనం ముఠాదారులదే. కొన్ని గ్రామాల సముదాయం ఒక ముఠా. ముఠాదారు కప్పం చెల్లించి, తన పరిధిలో శాంతిభద్రతలు కాపాడితే ప్రభుత్వానికి సరిపోయేది. ఇటువంటి పాలనకు కాలిబాటలు చాలు.

2. అడవిపై ప్రభుత్వ హక్కు

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో ఈ స్థితి మారింది. రిజర్వు అడవుల్లో పోడు వ్యవసాయం, పశువుల మేత, వంటచెరకు సేకరణ ఆంక్షలకు లోనయ్యాయి. కలప, చింతపండు వంటి అటవీ సంపద మైదానానికి దిగాలంటే బండ్లు నడిచే దారి కావాలి. వడ్డీవ్యాపారి, సారా కంట్రాక్టరు, పోలీసు పైకి ఎక్కడానికీ అదే దారి. ముఠాదారు మధ్యవర్తిత్వం లేకుండా ప్రభుత్వోద్యోగి నేరుగా గిరిజన గ్రామాన్ని చేరే వీలు రహదారితో కలిగింది. ముఠాదారుల ప్రాబల్యం తగ్గడానికి చట్టాలతో పాటు ఈ మార్పు కూడా దోహదం చేసింది.

3. దారి వేసిన చేతులు

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన ఘాట్ రోడ్డు ఈ చరిత్రలో కీలకమైనది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పనికి గిరిజనులను బలవంతంగా రప్పించి, అతి తక్కువ కూలి ఇచ్చేవాడని చరిత్రకారులు నమోదు చేశారు. పోడుపై ఆంక్షలతో అప్పటికే తిండిగింజలు కరవైన కుటుంబాలకు ఇది రెండో దెబ్బ. పన్ను వసూలు చేసే అధికారి, శిక్షించే అధికారి, రోడ్డుపని చేయించే అధికారి ఒక్కడే కావడంతో మొరపెట్టుకునే చోటు కూడా లేకపోయింది. సీతారామరాజు అనుచరుల్లో ముఖ్యులైన గాం గంటందొర, మల్లుదొర సోదరులకూ బాస్టియన్‌తో వైరం ఉండేది.

4. తిరుగుబాటులో దారి

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగి, ఆయుధాలు తిరుగుబాటుదారుల వశమయ్యాయి. ఈ మూడూ కొండల్లో రాజ్యాధికారానికి నిలయాలు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో భారతీయ సిపాయిలను ముందుకు పోనిచ్చి, వెనుక వస్తున్న స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయాధికారులను కాల్చి చంపారు. ఇరుకైన కనుమదారిలో కొండ తెలిసినవారిదే పైచేయి అయింది. ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసులను, 1924లో అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. ఆ ఏడాది మే 7న కొయ్యూరు వద్ద సీతారామరాజును కాల్చి చంపడంతో ఉద్యమం బలహీనపడింది.

5. ముగింపు

గూడెం గిరిజనుల ఆగ్రహాన్ని రహదారిపై వ్యతిరేకతగా మాత్రమే అర్థం చేసుకోవడం సరికాదు. దారి ఎటు వెళ్లాలో, ఎవరి శ్రమతో వేయాలో, దాని మీద ఏ సరుకు దిగాలో నిర్ణయించే హక్కు వారికి లేకపోవడమే వివాదానికి మూలం. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేటికీ కొన్ని కొండశిఖర గ్రామాలకు సరైన దారి లేదు. గర్భిణులను డోలీల్లో మోసుకొని దిగవలసి వస్తోంది. ఒకనాడు రహదారి పనికి బలవంతంగా లాగబడిన సమాజమే నేడు రహదారి కోసం అర్జీలు పెట్టుకుంటోంది. ప్రభుత్వానికి అవసరమైన దారులు ముందుగా, ప్రజలకు అవసరమైనవి ఆలస్యంగా రావడం ఈ రెండు కాలాలనూ కలుపుతున్న అంశం. మన్యం రహదారుల చరిత్రను ఈ కోణం నుంచి గ్రామాలవారీగా అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.