లైటు, లలితం

తెలుగులో ‘లైట్’ అన్న మాట ఇప్పుడు మూడు పనులు చేస్తోంది. గదిలో వెలిగేది ఒకటి. ‘రాత్రికి లైట్‌గా తిన్నాను’ అన్నది రెండోది. కుర్రకారు నోట పుట్టి ఇంటిల్లిపాదికీ పాకిన ‘లైట్ తీసుకో’ మూడోది. మొదటి రెండూ ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుతో తిరుగుతున్నా వాటి మూలాలు వేరు. మూడోది రెండోదానికి మనం తొడిగిన కొమ్మ. బరువు లేదు, కాబట్టి పట్టించుకోనక్కర్లేదు అన్నది దాని తర్కం. అమెరికాలో ముప్పై నలభై ఏళ్లపాటు ఇళ్లలో, కార్లలో, దంత వైద్యుల వరండాల్లో మోగిన ఒక మెత్తని రేడియో సంప్రదాయం ఈ తర్కానికే బలైపోయింది. ఆ కథ చెప్పాలంటే ముందు మన రేడియో దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ ‘లైట్’ను మనం ఎప్పుడో ఇంకోలా అర్థం చేసుకున్నాం.

శాస్త్రీయ సంగీతమంత గంభీరం కాని, హాయిగా వినదగిన సంగీతాన్ని బ్రిటిష్ వాడుకలో ‘లైట్ మ్యూజిక్’ అనేవారు. 1945లో బీబీసీ ఒక ప్రసారశాఖకే ‘లైట్ ప్రోగ్రామ్’ అని పేరు పెట్టింది. ఆకాశవాణికి తొలి అధిపతి లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ నుంచి వచ్చినవాడే కనుక ఆ పదజాలం ఇక్కడ స్థిరపడటంలో ఆశ్చర్యం లేదు. ఆకాశవాణి ఆడిషన్లలో ‘లైట్ మ్యూజిక్’ ఇప్పటికీ ఒక విభాగం. అయితే ఆ మాటను దేశభాషల్లోకి తెచ్చుకునేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో దారి తొక్కారు. హిందీ, కన్నడ భాషల వారికి అది ‘సుగమ’ సంగీతం, అంటే సులువుగా నడవగల దారి. తమిళులకు ‘మెల్లిసై’, మెత్తని పాట. తెలుగువాళ్లమూ మలయాళులూ ‘లలిత’ అన్నాం.

‘తేలిక సంగీతం’ అనవచ్చు, అనలేదు. ఆ ఎంపిక ఎవరి నోట మొదలైందో గానీ వారికి భాష తెలుసు. సంస్కృతంలో ‘లల్’ ధాతువుకు ఆడుకోవడం, విలాసంగా కదలడం అని అర్థం. బిడ్డను ముద్దు చేయడం లాలన. భరతుడి నాట్యశాస్త్రంలో స్త్రీలకు సహజమైన పది అలంకారాల్లో లలితం ఒకటి: చేతులు, పాదాలు, కనుబొమలు సుకుమారంగా కదలడం. అంతటితో ఆగితే ఇది స్త్రీలకే పరిమితమైన గుణమని అనుకునేవాళ్లం. పురుషుడికి చెప్పిన ఎనిమిది గుణాల్లోనూ స్థైర్యం, గాంభీర్యం, తేజస్సుల పక్కనే లలితం ఉంది. నాయకుల్లో ధీరలలితుడనే ఒక జాతే ఉంది. అందుకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ వత్సరాజు ఉదయనుడు. ఆయన వీణ వాయించి ఏనుగులను లొంగదీసుకున్నాడని కథ. మన అలంకారశాస్త్రం మెత్తదనాన్ని బలహీనతగా లెక్కగట్టలేదు. అది చేతనైనవాడి కదలికలో కనిపించే సౌకుమార్యం. ‘లైట్’ అన్న మాట బరువు లేకపోవడాన్ని, అంటే ఒక లేమిని చెబుతుంది. ‘లలితం’ ఉన్నదాన్ని చెబుతుంది.

మెత్తగా పాడటం చేతనైనవాళ్ల పని అనడానికి పెద్ద సాక్ష్యం మైకు. మైకు రాకముందు పాట అన్నది హాలులో చివరి వరుస దాకా వినిపించి తీరాలి. మన పౌరాణిక నాటకాల్లో పద్యాన్ని అంత పై శ్రుతిలో ఎత్తుకోవడానికి కళ ఎంత కారణమో చివరి బెంచీ ప్రేక్షకుడూ అంతే కారణం. మైకు వచ్చాక గాయకుడు ఒక్క చెవి కోసం పాడవచ్చు. అమెరికాలో బింగ్ క్రాస్బీ తరం అలా పాడి ఒక శైలినే తెచ్చింది. మద్రాసు రేడియోలో రావు బాలసరస్వతీదేవి గొంతు, బాలాంత్రపు రజనీకాంతరావు బాణీలు, విజయవాడ, హైదరాబాదు కేంద్రాల్లో పాలగుమ్మి విశ్వనాథం, చిత్తరంజన్ నేర్పిన పాటలు అదే మైకు ఇచ్చిన స్వేచ్ఛలోంచి వచ్చాయి. ఊపిరి వినపడేంత దగ్గరగా పాడేటప్పుడు చిన్న అపశ్రుతి కూడా దాక్కోలేదు. గట్టిగా పాడేవాడికున్న వెసులుబాటు మెల్లగా పాడేవాడికి ఉండదు. కనుక మెత్తని పాట రేడియోకు పుట్టింటి బిడ్డ. రేడియో దాన్ని వదులుకోవడం గురించి బాధపడాల్సింది అందుకే.

ఇక అమెరికా సంగతి. అక్కడ ఈ సంగీతం పేర్లు మారిన వరుస చూస్తే చాలు, సగం చరిత్ర తెలిసిపోతుంది. 1960ల్లో దాని పేరు ‘బ్యూటిఫుల్ మ్యూజిక్’. పాటల పదాలు తీసేసి, వయొలిన్ల గుంపుతో వాయించిన బాణీలు. 1960లో పెర్సీ ఫెయిత్ వాద్యబృందం వాయించిన ‘ఎ సమ్మర్ ప్లేస్’ సినిమా బాణీ తొమ్మిది వారాలు బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. 1961లో స్టీరియో ప్రసారానికి అనుమతి దొరకడంతో ఈ సంగీతానికి ఎఫ్ఎం సొంతిల్లయింది. ఏఎం గరగరలో మునిగిపోయే సన్నని స్వరాలు ఎఫ్ఎంలో నిశ్శబ్దం మీద తేటగా నిలబడ్డాయి. 1963లో ఫిలడెల్ఫియాలో మొదలైన డబ్ల్యూడీవీఆర్ స్టేషన్‌తో మార్లిన్ టేలర్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. మాటలు తక్కువ, ప్రకటనలు తక్కువ, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి కుదుపు లేకుండా వెళ్లడం. అందులో కొంత సరుకు మరీ చక్కెర పాకమే, ఒప్పుకుంటాను. కానీ ఆ వరుస కూర్చడం వెనక ఉన్న శ్రద్ధ ఇవాళ్టి ఏ యంత్రపు జాబితాలోనూ నాకు వినిపించదు.

ఆ పక్కనే, 1961 జూలైలో బిల్‌బోర్డ్ పత్రిక ‘ఈజీ లిజనింగ్’ పేరుతో ఇంకో పట్టిక మొదలుపెట్టింది. మధ్యలో రెండు మూడు పేర్లు మార్చి మళ్లీ అక్కడికే వచ్చింది. 1979లో మాత్రం ఆ పేరు తీసేసి ‘అడల్ట్ కాంటెంపరరీ’ అని రాసింది. అదే ఇప్పటికీ ఉంది.

ఈ మూడు పేర్లనూ పక్కపక్కన పెట్టి చదవండి. ‘బ్యూటిఫుల్ మ్యూజిక్’లో సంగీతం ఉంది. ‘ఈజీ లిజనింగ్’లో సంగీతం పోయి వినడం మిగిలింది. ‘అడల్ట్ కాంటెంపరరీ’లో వినడమూ పోయింది. మిగిలినవి ఒక వయసు, ఒక కాలం. పెద్దవాళ్లు, ఇప్పటివి. ఆ పేరులో శబ్దానికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు. అది ప్రకటనకర్తకు రాసిన చిరునామా. అమెరికన్ వాణిజ్య రేడియోలో ఆ చిరునామా స్పష్టంగా ఇరవై అయిదు నుంచి యాభై నాలుగేళ్ల వయసు. 1975లో గాయని కారెన్ కార్పెంటర్ లోగొంతు విని ఆగిపోయిన ముప్పై ఏళ్ల మనిషికి 2000 నాటికి యాభై అయిదు. పాట మారలేదు, ఆ మనిషి ఇష్టమూ మారలేదు. చిరునామా మాత్రం వాళ్లింటి గుమ్మం దాటి ముందుకెళ్లిపోయింది.

1984లో న్యూయార్క్‌లో 106.7 మీద ‘లైట్ ఎఫ్ఎం’ వచ్చింది. ఆ ‘లైట్’ (Lite) మామూలు స్పెల్లింగు కాదు. క్యాలరీలు తగ్గించిన బీరు సీసాల మీద అప్పటికే దేశమంతటా ప్రచారమైన పొట్టి స్పెల్లింగు. ఆ ఎంపిక నన్ను కలచివేస్తుంది. ఇందులో ఏముందో చెప్పే పేరు కాదది, ఇందులో ఏది తగ్గించామో చెప్పే పేరు. అయినా ఆ స్టేషన్ ఏళ్ల తరబడి నగరంలో ఎక్కువమంది వినేవాటిలో ఒకటిగా వెలిగింది. అంటే జనానికి ఆ పాట కావాలి. పేరు చిన్నబుచ్చినా వినేవాళ్లు చిన్నబుచ్చుకోలేదు.

దెబ్బ కొలమానం నుంచి పడింది. ఆర్బిట్రాన్ సంస్థ అప్పటిదాకా శ్రోతల చేతికి ఒక డైరీ ఇచ్చి, వారమంతా ఏం విన్నారో రాయమనేది. 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్‌లతో మొదలుపెట్టి, పెద్ద నగరాల్లో డైరీ స్థానంలో పోర్టబుల్ పీపుల్ మీటర్ అనే చిన్న పరికరం తెచ్చింది. పేజర్‌లా నడుముకు తగిలించుకుంటే, ప్రతి స్టేషన్ తన ధ్వనిలో దాచిపెట్టే రహస్య సంకేతాన్ని అది పట్టుకుంటుంది. డైరీలో మనిషి తన ప్రేమను రాసేవాడు. ఉదయం నుంచీ ఆ స్టేషనే, అని. పరికరానికి ప్రేమ తెలియదు, చెవి దాకా వచ్చిన ధ్వనే తెలుసు.

ఇంకొక సంగతి ఉంది, ఈ వ్యాసం రాయించింది అదే. ఆ రహస్య సంకేతం సుమారు వెయ్యి నుంచి మూడు వేల హెర్ట్‌జ్‌ల మధ్య స్వరాల చాటున దాక్కుంటుంది. దాక్కోవాలంటే అక్కడ ధ్వని దట్టంగా ఉండాలి. డ్రమ్ములు, గిటార్లు హోరెత్తే పాటలో దానికి కావలసినంత చాటు దొరుకుతుంది. ఒక్క పియానో, ఒక్క గొంతు, మధ్యలో విరామం ఉన్న పాటలో దొరకదు. పలుచని సంగీతం, మాటలు ప్రసారం చేసే స్టేషన్లకు దీనివల్ల అన్యాయం జరుగుతోందని రేడియో ఇంజనీర్లు వాదించారు. సంకేతాన్ని బలపరిచే వోల్టేర్ అనే యంత్రం 2014 ప్రాంతంలో మార్కెట్‌లోకి వచ్చింది. అప్పటికి ఆర్బిట్రాన్‌ను కొనేసిన నీల్సన్ 2015లో తన సంకేత విధానాన్నే బలపరచాల్సి వచ్చింది. అంటే మెత్తని పాటను జనం వినకపోవడమే కాదు, విన్నా యంత్రానికి వినపడకపోవడమూ ఈ కథలో ఉందన్నమాట. ఈలోగా జరగవలసింది జరిగిపోయింది. న్యూయార్క్‌లో స్మూత్ జాజ్ వినిపించే 101.9 స్టేషన్ 2008 ఫిబ్రవరిలో రాక్ స్టేషన్ అయింది. అడల్ట్ కాంటెంపరరీ స్టేషన్లు ఒక్కొక్కటే ప్రకటనల్లోంచి ‘సాఫ్ట్’ అన్న మాట తీసేశాయి. కార్పెంటర్స్, బ్యారీ మానిలో పాటలు తగ్గి, ఊపున్న పాటలు పెరిగాయి. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం దేశవ్యాప్త పరిమితులు ఎత్తేయడంతో ఒక్క క్లియర్ చానెల్ సంస్థ చేతిలోకే వెయ్యికి పైగా స్టేషన్లు చేరి ఉన్నాయి. ఒకచోట తీసుకున్న నిర్ణయం ఎన్ని ఊళ్లకైనా పాకడానికి ఆ ఏర్పాటు సరిపోయింది.

‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’ అని మన సామెత. ‘సాఫ్ట్’ విషయంలో స్టేషన్ యజమానులు చేసింది అదే. ఆ మాటకు పాత ఇంగ్లీషులో హాయి, ప్రశాంతత, ఒడుదొడుకులు లేకపోవడం అనే అర్థాలుండేవి. జర్మన్ ‘జాన్‌ఫ్ట్’ దాని చుట్టమే. వ్యాపారపు చెవికి వినిపించింది మాత్రం చివరన చేరిన అర్థం, బలహీనత. న్యూయార్క్‌లో ‘లైట్ ఎఫ్ఎం’ పేరు ఇంకా అలాగే ఉంది. అందులో వచ్చే పాట మాత్రం 1984 నాటి లైట్ కాదు. పేరు మిగిలి వస్తువు మారిపోయింది. చిత్రంగా, ఫ్లోరిడాలోని టాంపాలో ‘ది డవ్’ అనే స్టేషన్ మెత్తదనాన్ని వదలకుండానే పలుమార్లు నగరంలో మొదటి స్థానంలో నిలిచింది. 2010ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో, ఫిలడెల్ఫియా వంటి చోట్ల ఆ పాటలు మళ్లీ వచ్చాయి. కానీ ‘సాఫ్ట్’ అన్న పేరుతో కాదు, ‘బ్రీజ్’ అన్న పేరుతో. పిల్లగాలి! మంచి మాటే. అయినా అసలు పేరు చెప్పుకోవడానికి జంకడం కనిపిస్తూనే ఉంది.

మన లలిత సంగీతానికి ఏ మీటరూ అడ్డుపడలేదు. దాని గతి వేరు. 1952 నుంచి కేంద్ర సమాచార శాఖ మంత్రిగా ఉన్న కేస్కర్ సినిమా పాటను కట్టడి చేసినప్పుడు జనం రేడియో సిలోన్‌కు వెళ్లిపోయారు. వాళ్లను తిరిగి తెచ్చుకోవడానికి 1957లో వివిధ భారతి పుట్టింది. సినిమా పాట రాజమార్గాన తిరిగొచ్చింది. 2006 తర్వాత హైదరాబాదులో వరసగా వచ్చిన ప్రైవేటు ఎఫ్ఎంలలో లలిత గీతానికి కుర్చీ వేసినవారు నాకు కనపడలేదు. శాస్త్రీయానికి సభలున్నాయి, సినిమాకు మార్కెట్ ఉంది. రేడియో తప్ప వేరే ఇల్లు లేనిది లలిత గీతమే.

మెత్తని పాట ముసలివాళ్లదన్న లెక్క మాత్రం అక్కడా ఇక్కడా తప్పే. యూట్యూబులో ‘లో-ఫై’ పేరుతో రోజంతా ఆగకుండా సాగే ప్రసారాలను పెట్టుకుని చదువుకునేది కాలేజీ పిల్లలు. గొడవ లేని పియానో, మందమైన తాళం, ఎవరూ మధ్యలో అరవకపోవడం. మార్లిన్ టేలర్ వింటే గుర్తుపడతాడు. తెలుగు సినిమా పాటలనూ ఈ తరం అలాగే మార్చుకుంటోంది. వేగం తగ్గించి, కొంచెం ప్రతిధ్వని చేర్చి, ‘స్లోడ్ అండ్ రివర్బ్’ అని పేరు పెట్టి పంచుకుంటోంది. తమిళ మెల్లిసైలోని ‘మెల్’కు మన భాషలో చుట్టం ‘మెల్లగా’. దానికి నెమ్మదిగా అనీ, గొంతు తగ్గించి అనీ రెండర్థాలూ ఉన్నాయి. ‘మెల్లగా నడువు’, ‘మెల్లగా మాట్లాడు’ అంటాం. ఆ పిల్లలు పాటకు చేస్తున్న రెండు పనులూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఏ తెలుగు రేడియో అయినా రాత్రి పది తర్వాత ఒక గంట ‘మెల్లగా’ అన్న పేరుతో మొదలుపెడితే, రజనీకాంతరావు బాణీనీ ఈ పిల్లలు నిదానం చేసుకున్న పాటనూ పక్కపక్కన వినిపించవచ్చు.