సెయింట్ హెలెనా దీవి (సౌత్ కరొలైనా): కట్టడాలు, జనజీవనం

సెయింట్ హెలెనా అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ తీరంలో, సౌత్ కరొలైనాలోని బ్యూఫర్ట్ కౌంటీకి చెందిన దీవి. నెపోలియన్ ప్రవాసమున్న అట్లాంటిక్ దీవి వేరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి అయిన గల్లా-గీచీ ప్రజల భాష, ఆచారాలు బాగా నిలిచిన చోట్లలో ఇది ముఖ్యమైనది. ఇక్కడి పాత కట్టడాల్లో చాలావాటిని కట్టినవారు బానిసలు. తర్వాత కొన్ని వారి చేతికే వచ్చాయి. ఈ దీవి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే.

మిగిలిన కట్టడాల్లో చాలా పాతది 1740 ప్రాంతంలో తోటల యజమానుల కోసం కట్టిన ప్రార్థనాలయం. బ్యూఫర్ట్‌లోని చర్చికి వెళ్లిరావడం దూరాభారమని దీన్ని కట్టించుకున్నారు. రాయి దొరకని ఈ ఇసుక నేలలో గోడలకు ఆల్చిప్పలే ఆధారం. కొన్ని చిప్పలను కాల్చి సున్నం తీసేవారు. ఆ సున్నంలో ఇసుక, బూడిద, నీళ్లు, కాల్చని చిప్పలు కలిపి చెక్కల అచ్చుల్లో పోసి, ఒక వరస గట్టిపడ్డాక దానిపై మరో వరస పోసేవారు. దీన్నే ట్యాబీ అంటారు. 1886లో అడవి మంటలకు ప్రార్థనాలయం కాలిపోయింది. ఓక్ చెట్ల కింద మిగిలిన మొండిగోడల్లో ఇప్పటికీ చిప్పలు తేలి కనిపిస్తాయి. వాటిని మోసిన చేతుల పేర్లు మాత్రం గోడమీద ఎక్కడా లేవు.

నీలిమందు, ఆ తర్వాత పొడవు పింజె ‘సీ ఐలాండ్’ పత్తి యజమానులను కోటీశ్వరులను చేశాయి. 1855లో బానిసల చేత కట్టించిన బ్రిక్ బాప్టిస్ట్ చర్చిలో యజమానులు కింద కూర్చుంటే, ఆ ఇటుకలు పేర్చినవారు పైనున్న బాల్కనీలో కూర్చోవాల్సి వచ్చేది. అంతర్యుద్ధంలో 1861 నవంబరు 7న ఉత్తరాది నౌకాదళం పక్కనున్న పోర్ట్ రాయల్‌ను పట్టుకోగానే యజమానులు ఉన్నపళంగా పారిపోయారు. ఈ దీవుల్లో సుమారు పదివేల మంది బానిసలు మిగిలారు. చర్చి వారిదైంది.

1862లో ఉత్తరాది నుంచి వచ్చిన లారా టౌన్, ఎలెన్ మరే ఇక్కడ విముక్తుల కోసం పెన్ స్కూల్ మొదలుపెట్టారు. మొదట ఒక తోట బంగళాలో, తర్వాత ఈ చర్చిలోనే పాఠాలు సాగాయి. అదే ఏడాది వచ్చిన షార్లెట్ ఫోర్టెన్ ఇక్కడ బోధించిన తొలి ఉత్తరాది నల్లజాతి ఉపాధ్యాయిని. లారా టౌన్ 1901లో చనిపోయేదాకా దీవిలోనే ఉండిపోయారు. పన్ను బకాయిల కింద ప్రభుత్వం జప్తు చేసిన తోటల్లో కొంత నేలను విముక్తులు పదేసి ఎకరాల ముక్కలుగా కొనుక్కున్నారు. దక్షిణాదిలో తక్కినచోట్ల దాదాపు అందని సొంత భూమి ఇక్కడ దక్కింది. దీవి సంస్కృతి నిలిచిందంటే ముందుగా ఆ నేల వల్లే.

ఊరి బతుకుకు అసలు కేంద్రం ‘ప్రెయిజ్ హౌస్’. ఒక గది, కొన్ని బల్లలు, చెక్క గోడలు, అంతే. బానిసలు పెద్ద సంఖ్యలో గుమిగూడటం యజమానులకు గిట్టదు కనుక వీటిని చిన్నవిగానే కట్టుకున్నారు. వారంలో కొన్ని సాయంత్రాలు ఇక్కడ చేరి ప్రార్థన చేసేవారు. ఇరుగుపొరుగు తగాదాలను పెద్దలు ఇక్కడే తీర్చేవారు. డప్పుల మీద 1740 నాటి బానిస చట్టం నిషేధం పెట్టినా లయను ఎవరూ ఆపలేకపోయారు. చప్పట్లు చరుస్తూ, కాళ్లతో నేలను తడుతూ, పాడుతూ అపసవ్యంగా వలయం తిరిగేవారు. అది ‘రింగ్ షౌట్’. ఒక పాదం మరో పాదాన్ని దాటితే అది నాట్యమవుతుందని, ప్రార్థనలో నాట్యం తగదని కాళ్లు ఈడ్చుకుంటూ కదిలేవారు. ఇలాంటి గదులు దీవిలో ఇప్పుడు మూడే మిగిలాయి.

ఇళ్లు దిమ్మెల మీద లేపిన చెక్క ఇళ్లు. దయ్యాలు లోపలికి రాకుండా తలుపులకు, కిటికీలకు నీలిరంగు వేస్తారు. ఏటిపాయల్లో విసురు వలలతో రొయ్యలు పడతారు, ఆల్చిప్పలు ఏరుతారు. ఆ వలలను చేత్తో అల్లడం ఒకప్పుడు తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య. రొయ్యలు, మొక్కజొన్న కండెలు, సాసేజ్, బంగాళాదుంపలు ఒకే కుండలో ఉడికించే ‘ఫ్రాగ్‌మోర్ స్ట్యూ’కు ఇక్కడి ఫ్రాగ్‌మోర్ అనే చోటి పేరే వచ్చింది. ఇంగ్లిషు పదాలు, పశ్చిమాఫ్రికా నుడికారం కలిసిన గల్లా భాషలోకి కొత్త నిబంధన గ్రంథం 2005లో వచ్చింది.

1893 ఆగస్టు తుపాను ఈ తీర దీవులను ఊడ్చేసింది. క్లారా బార్టన్ నాయకత్వంలో రెడ్ క్రాస్ నెలల తరబడి సాయం చేసింది. 1927లో వంతెన వచ్చేదాకా బ్యూఫర్ట్‌కు పడవ ప్రయాణమే. పెన్ స్కూల్ 1948లో మూతపడి సామాజిక కేంద్రమైంది. నల్లవారు, తెల్లవారు కలిసి బసచేయగల చోట్లు దక్షిణాదిలో అరుదైన 1960లలో మార్టిన్ లూథర్ కింగ్ తన సహచరులతో ఇక్కడ సమావేశమయ్యారు. 1974లో ఇది జాతీయ చారిత్రక స్థలమైంది. ఇక్కడి డారా హాల్, బ్రిక్ చర్చి 2017లో ప్రకటించిన, అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ యుగపు జాతీయ స్మారకంలో చేరాయి.

ఇప్పుడున్న ముప్పు నేలకు. వీలునామా లేకుండా తరతరాలుగా వచ్చిన ఉమ్మడి భూమిలో ఒక వాటాదారు అమ్మకానికి పట్టుబడితే, కోర్టు మొత్తం భూమినే వేలం వేయించవచ్చు. పక్కనున్న హిల్టన్ హెడ్ దీవికి 1956లో వంతెన పడ్డాక గోల్ఫ్ మైదానాలు, విలాస గృహాలు వచ్చి గల్లా కుటుంబాలు చాలావరకు చెదిరిపోయాయి. ఆ అనుభవం చూసే బ్యూఫర్ట్ కౌంటీ సెయింట్ హెలెనాలో గోల్ఫ్ మైదానాలు, రిసార్టులు, గేటెడ్ కాలనీలు కట్టరాదని నిబంధన పెట్టింది. 2023లో ఒక గోల్ఫ్ ప్రతిపాదన కోసం ఆ నిబంధనను సడలించాలని అడిగితే, దీవివాసులు గట్టిగా ఎదురునిలిచారు; కౌంటీ మండలి సడలింపు ఇవ్వలేదు.