ప్రభుత్వ కొనుగోళ్లలో చిన్న పరిశ్రమల వాటా: 25 శాతం లక్ష్యాన్ని ఎలా లెక్కిస్తారు?

కేంద్ర ప్రభుత్వ మంత్రిత్వ శాఖలు, విభాగాలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే వస్తువులు, సేవల మొత్తం విలువలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి రావాలన్నది ప్రస్తుతం అమలులో ఉన్న నిబంధన. ఈ 25లోనే 4 శాతం షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల వారి యాజమాన్యంలోని సంస్థలకు, 3 శాతం మహిళల యాజమాన్యంలోని సంస్థలకు ప్రత్యేకించారు. తెలుగు రాష్ట్రాల్లో చూస్తే విశాఖ ఉక్కు కర్మాగారం, సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే దక్షిణ మధ్య రైల్వే, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, మిధాని వంటివన్నీ ఈ నిబంధన పరిధిలోకి వస్తాయి. బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో రెండు మూడు లేత్ యంత్రాలతో నడిచే ఒక యూనిట్‌కు దీనివల్ల కలిగే మేలు ఎంతో తెలియాలంటే 25 అనే అంకె ఒక్కటే చాలదు. ఆ శాతాన్ని ఏ మొత్తంపై కడతారో, ఎవరిని చిన్న సంస్థగా పరిగణిస్తారో, సరుకు అప్పగించాక డబ్బు ఎన్నాళ్లకు చేతికి వస్తుందో కూడా చూడాలి.

చట్టం నుంచి ఉత్తర్వు వరకు

ప్రభుత్వం చిన్న పరిశ్రమల నుంచి కొనడం కొత్త సంగతి కాదు. 1955లో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ ఏర్పడినప్పటి నుంచీ కొన్ని వస్తువులను చిన్న యూనిట్ల వద్దే కొనాలనీ, ధరలో కొంత వెసులుబాటు ఇవ్వాలనీ ఆదేశాలు వెలువడుతూనే వచ్చాయి. అయితే మొత్తం కొనుగోళ్లలో వాటా ఇంత ఉండాలన్న నిర్బంధం అప్పట్లో లేదు. 2006 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం తన 11వ సెక్షన్‌లో, ఇలాంటి ప్రాధాన్య విధానాన్ని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారాన్ని వినియోగించడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. ప్రధానమంత్రి నియమించిన కార్యదళం 2010 జనవరిలో ఈ విధానాన్ని సిఫారసు చేసింది. 2012 మార్చిలో ఉత్తర్వు వెలువడి, అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

అప్పటి లక్ష్యం 20 శాతం. మొదటి మూడేళ్లు శాఖలు అలవాటు పడేందుకు వ్యవధి ఇచ్చి, 2015 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. 2018 నవంబరులో ప్రధానమంత్రి ప్రకటన మేరకు లక్ష్యాన్ని 25 శాతానికి పెంచి, మహిళలకు 3 శాతం చేర్చారు. పెంచిన లక్ష్యం 2019 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తోంది. షెడ్యూల్డు కులాలు, తెగల వాటా మాత్రం మొదటి నుంచీ 4 శాతమే. అది 20లో అయిదో వంతుగా మొదలైంది, 25 అయ్యాక కూడా పెరగలేదు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. అమెరికాలో సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే ప్రధాన కాంట్రాక్టుల విలువలో 23 శాతం చిన్న వ్యాపారాలకు దక్కాలని అక్కడి చట్టం చెబుతుంది. అయితే అది ప్రభుత్వం మొత్తానికి పెట్టిన లక్ష్యం. ఒక్కో సంస్థ వాటా ఎంతన్నది చిన్న వ్యాపారాల పాలనా సంస్థ ఆయా సంస్థలతో విడివిడిగా చర్చించి నిర్ణయిస్తుంది, ఏడాది చివర బడి పిల్లలకు ఇచ్చినట్టు గ్రేడులు ఇచ్చి ప్రకటిస్తుంది. మన దేశంలో అన్ని శాఖలకూ అంకె ఒకటే. స్టేషనరీ ఎక్కువగా కొనే కార్యాలయమైనా, భారీ టర్బైన్లు కొనే విద్యుత్ సంస్థ అయినా 25 శాతమే. అందుకోలేని శాఖ కారణాలను సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల మంత్రిత్వ శాఖ కార్యదర్శి అధ్యక్షతన గల సమీక్షా సంఘానికి వివరించుకోవాలి. జరిమానా అంటూ ఏదీ లేదు.

ఏ మొత్తంపై 25 శాతం?

లెక్క అసలు మెలిక ఇక్కడే ఉంది. విధానం వస్తువులకు, సేవలకు మాత్రమే వర్తిస్తుంది. భవనాలు, రహదారులు, వంతెనల వంటి నిర్మాణ పనుల కాంట్రాక్టులు దీని పరిధిలోకి రావని మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. ఆయుధ వ్యవస్థలు, క్షిపణులు వంటి రక్షణ కొనుగోళ్లను కూడా వాటి ప్రత్యేకత దృష్ట్యా లెక్క నుంచి మినహాయించారు. ఒక ఊహాజనిత శాఖ ఏడాదిలో 400 కోట్ల రూపాయలు వెచ్చించిందనుకుందాం. అందులో 250 కోట్లు కట్టడాలకు పోతే, లక్ష్యాన్ని కట్టేది మిగిలిన 150 కోట్ల మీదే. అంటే చిన్న సంస్థలకు చేరవలసింది 37 కోట్ల 50 లక్షలు. మొత్తం ఖర్చుతో పోల్చితే అది పదో వంతు కూడా కాదు, అయినా ఆ శాఖ లక్ష్యాన్ని పూర్తిగా అందుకున్నట్టే.

తయారీదారులు, సేవలందించేవారు మాత్రమే దీనికి అర్హులు. మరొకరు తయారుచేసిన సరుకును తెచ్చి అమ్మే వర్తకులకు, పంపిణీదారులకు ఈ ప్రాధాన్యం లేదు. 2021 జులైలో చిల్లర, టోకు వర్తకులకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు చాలామంది తమకూ టెండర్లలో రాయితీలు దక్కుతాయని భావించారు. ఆ వెసులుబాటు బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం.

టెండరు పెట్టె దగ్గర

లక్ష్యం నెరవేరేది, నీరుగారేది టెండరు దశలోనే. చిన్న సంస్థలకు టెండరు పత్రాలు ఉచితం, ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలు సరిపోయినప్పుడు ముందటి అనుభవం, టర్నోవర్ షరతులను సడలించవచ్చు. ఈ ఆఖరి నిబంధనలో చిన్న యూనిట్ల యజమానులకు బాగా తెలిసిన ఇబ్బంది ఒకటి ఉంది. సడలింపు కొనుగోలు చేసే అధికారి విచక్షణకు లోబడినది. గత మూడేళ్లలో ఇంత సరఫరా చేసి ఉండాలన్న షరతు టెండరులో అలాగే ఉండిపోతే, కొత్తగా మొదలైన యూనిట్ తలుపు బయటే నిలబడుతుంది.

ధర విషయంలో ఉన్న ఏర్పాటు మరింత ఆసక్తికరమైనది. ఒక వస్తువుకు అతి తక్కువ ధరగా ఒక పెద్ద కంపెనీ 100 రూపాయలు కోట్ చేసింది. ఒక చిన్న సంస్థ 112 రూపాయలు కోట్ చేసింది. తక్కువ ధరకు 15 శాతం లోపు ఉంది కాబట్టి, 100 రూపాయలకు తగ్గించుకునేందుకు సిద్ధపడితే ఆ టెండరు విలువలో 25 శాతం వరకు సరఫరా చేసే అవకాశం ఆ సంస్థకు ఇస్తారు. ఆ పరిధిలో అలాంటి సంస్థలు ఒకటికి మించి ఉంటే ఆ వాటాను పంచుతారు. సరుకును విభజించడం కుదరనప్పుడు మొత్తం ఆర్డరునే చిన్న సంస్థకు ఇవ్వవచ్చు. 118 రూపాయలు కోట్ చేసిన వారికి మాత్రం ఈ పిలుపు రాదు.

గమనించవలసినది ఏమిటంటే, ఖజానా ఇక్కడ ఒక్క రూపాయి కూడా అదనంగా చెల్లించడం లేదు. పెద్ద కంపెనీ ధరకు దిగివచ్చే భారమంతా చిన్న సంస్థదే. ముడి ఉక్కును టన్నుల లెక్కన కొనే కంపెనీకీ, అదే ఉక్కును దుకాణంలో కొనే యూనిట్‌కూ తయారీ ఖర్చు ఒకటి కాదు. ఆ 12 రూపాయల తేడా చాలాసార్లు లాభం కాదు, అసలు ఖర్చే. కాబట్టి పిలుపు అందుకున్న ప్రతి ఒక్కరూ దాన్ని అంగీకరించగలరని అనుకోకూడదు.

వీటితో పాటు 358 వస్తువులను చిన్న సంస్థల నుంచే కొనాలని ప్రత్యేకించారు. బకెట్లు, బొత్తాలు, బ్రష్షులు, ఉక్కు బీరువాలు, కుర్చీలు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. 2016 ఆగస్టులో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్, అంటే జెమ్ పోర్టల్, అక్కడ దొరికే వస్తువులను అక్కడే కొనాలన్న ఆర్థిక నియమంతో కలిసి ఇలాంటి నిత్యావసర కొనుగోళ్ల తీరును చాలావరకు మార్చేసింది.

నిండని 4 శాతం

శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోళ్ల వివరాలు 2017 డిసెంబరులో ప్రారంభించిన సంబంధ్ పోర్టల్‌కు చేరతాయి. మొత్తంగా చూస్తే 25 శాతం లక్ష్యాన్ని ప్రభుత్వ రంగ సంస్థలు దాటిన సంవత్సరాలు ఉన్నాయి. షెడ్యూల్డు కులాలు, తెగల వారి 4 శాతం మాత్రం దానికి చాలా దూరంలోనే నిలిచిపోతూ వచ్చింది. మొత్తం లక్ష్యం దాటినా దాని లోపలి భాగం నిండకపోవడానికి కారణం ఉత్తర్వులోనే కొంత కనిపిస్తుంది. ఆ వర్గాల సంస్థలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకూ అతి తక్కువ ధరకూ తూగకపోయినా, ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థల నుంచి పూరించుకోవచ్చని అందులో రాసి ఉంది. అంటే ఉప లక్ష్యం తప్పినా శాఖ మొత్తం లెక్క చెడదు.

యాజమాన్యం అంటే ఏమిటో నిర్వచనం స్పష్టంగానే ఉంది. సొంత సంస్థ అయితే యజమాని ఆ వర్గానికి చెందాలి, భాగస్వామ్యంలోనూ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలోనూ కనీసం 51 శాతం వాటా ఆ వర్గం వారి చేతిలో ఉండాలి. అసలు సమస్య ప్రభుత్వ కొనుగోలుదారులకు కావలసిన సరుకును తయారుచేసే యూనిట్లు ఈ వర్గాల్లో తక్కువగా ఉండటం, ఉన్నవారికి పెట్టుబడి చాలకపోవడం. దీన్ని గుర్తించి 2016 అక్టోబరులో లుధియానాలో ప్రధానమంత్రి జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్‌ను ప్రారంభించారు. శిక్షణ, టెండర్లలో పాల్గొనేందుకు సహాయం, యంత్రాల కొనుగోలుకు రాయితీ దాని పనులు. లక్ష్యాన్ని ముందు ప్రకటించి, దాన్ని అందుకోగలవారిని తయారుచేసే పని నాలుగేళ్ల తరువాత మొదలుపెట్టినట్టయింది.

ఎవరు చిన్న?

2020 జులై 1 నుంచి పెట్టుబడి, టర్నోవర్ రెండూ చూసి వర్గీకరిస్తున్నారు. అప్పుడు చిన్న సంస్థ అంటే 10 కోట్ల పెట్టుబడి, 50 కోట్ల టర్నోవర్ వరకు ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దులు 25 కోట్లకు, 100 కోట్లకు పెరిగాయి. సూక్ష్మ సంస్థకు రెండున్నర కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవర్ హద్దు. నిన్నటి వరకు మధ్యతరహాగా ఉన్న కొన్ని సంస్థలు ఈ మార్పుతో చిన్న సంస్థలుగా అర్హత పొందాయి. మధ్యతరహా సంస్థలకు ఈ కొనుగోలు ప్రాధాన్యం లేదు కాబట్టి ఇది వారికి లాభమే. ధరలు పెరిగిన కాలంలో హద్దు పెంచడం సహేతుకమే కానీ, 90 కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీ, 90 లక్షల టర్నోవర్ ఉన్న యూనిట్ ఒకే 25 శాతం కోసం పోటీపడతాయన్నది కూడా నిజం. శాఖ లెక్కల్లో ఆ ఇద్దరికీ తేడా లేదు.

ఎదిగితే రాయితీ పోతుందన్న భయం ఉన్నవారి కోసం 2022 అక్టోబరులో ఒక మార్పు చేశారు. పైవర్గానికి మారిన సంస్థ ఆ తేదీ నుంచి మూడేళ్ల పాటు పన్నేతర ప్రయోజనాలను పాత వర్గంలో ఉన్నట్టే పొందవచ్చు.

సరుకు అప్పగించాక

ఆర్డరు దక్కడంతో కథ ముగియదు. 2006 చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరుకు స్వీకరించిన రోజు నుంచి 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులు. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే స్వీకరించినట్టు భావిస్తారు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. బ్యాంకు రేటు 6 శాతం ఉంటే వడ్డీ 18 శాతం అన్నమాట. కొనుగోలు విధానం కేంద్ర సంస్థలకే పరిమితమైనా, ఈ నిబంధన రాష్ట్ర ప్రభుత్వ శాఖలకూ, ప్రైవేటు కంపెనీలకూ వర్తిస్తుంది.

2018 నవంబరులో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలన్నీ ట్రెడ్స్ వేదికల్లో చేరాలని ఆదేశించారు. అక్కడ కొనుగోలుదారు ఆమోదించిన బిల్లును బ్యాంకులు వేలంలో తీసుకుని, సరఫరాదారుకు ముందే సొమ్ము ఇస్తాయి. 2023 ఆర్థిక చట్టం మరో ఒత్తిడి తెచ్చింది. గడువు దాటిన బిల్లును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించి పన్ను మినహాయింపు కోరాలి. కంపెనీలు దీనికి స్పందించక తప్పదు. ఆదాయపు పన్ను కట్టని ప్రభుత్వ విభాగాన్ని మాత్రం ఇది కదిలించలేదు.

బకాయి పడ్డ యూనిట్ తన రాష్ట్రంలోని సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఇవి పనిచేస్తున్నాయి. ముందు రాజీకి ప్రయత్నించి, కుదరకపోతే మధ్యవర్తిత్వం ద్వారా 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. ఇంత బలమైన నిబంధన ఉన్నా, వచ్చే ఏడాది ఆర్డరు కూడా అదే కార్యాలయం నుంచి రావలసి ఉన్న యజమాని ఫిర్యాదు పత్రం నింపే ముందు చాలాసేపు ఆలోచిస్తాడు.