కారు టాపు మీది యాంటెన్నా: ఉపగ్రహ రేడియో చరిత్రలో వదిలేసిన అధ్యాయం

అమెరికాలో ఉపగ్రహ రేడియో చరిత్ర రాసేవాళ్లు తరచూ ఒకే కథ చెబుతుంటారు. 2004 అక్టోబరులో పేరున్న రేడియో వ్యాఖ్యాత హోవర్డ్ స్టెర్న్ ఉపగ్రహ రేడియో కంపెనీ సిరియస్‌తో ఐదేళ్లకు దాదాపు 50 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు, శ్రోతలు ఆయన వెంట తరలివచ్చారు, తడబడుతున్న పరిశ్రమ నిలదొక్కుకుంది. ఇందులో కొంత నిజముంది. కానీ కారు టాపు, దాని మీద యాంటెన్నా బిగించిన మనిషి ఈ కథలో ఎక్కడా కనిపించరు. ఈ మాధ్యమం బతికింది ప్రధానంగా వాటివల్లేనని నా వాదన.

కారు యాంటెన్నా తొలి దశ అందరికీ తెలిసిందే. 1930లో గాల్విన్ సోదరులు కారు రేడియోను అమ్మకానికి తెచ్చి మోటరోలా అని పేరు పెట్టారు. అప్పట్లో చాలా కార్ల టాపు మధ్యభాగం గుడ్డతో మూసి ఉండేది. యాంటెన్నా తీగను దాని కిందే పరిచేవారు. 1935 మోడళ్లకు జనరల్ మోటార్స్ పూర్తి ఉక్కు టాపు తేవడంతో అక్కడ తీగకు చోటు లేకుండా పోయింది. కొన్నాళ్లు ఫుట్‌బోర్డు కిందికి చేరి, తర్వాత బానెట్ పక్కన నిలువు కడ్డీగా స్థిరపడింది. అరవై ఏళ్లు దాటాక ఉపగ్రహం దాన్ని మళ్లీ టాపు మీదికి ఎక్కించింది. ఒకప్పుడు అడ్డమైన ఉక్కే ఈసారి ఆసరా అయింది.

అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1992లో ఉపగ్రహ రేడియోకు పౌనఃపున్యాలు కేటాయించింది. 1997 వేలంలో రెండు కంపెనీలు చెరో ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా పెట్టి లైసెన్సులు దక్కించుకున్నాయి. ఎక్స్‌ఎం 2001 సెప్టెంబరులో, సిరియస్ 2002లో ప్రసారాలు మొదలుపెట్టాయి. ఎక్స్‌ఎం భూస్థిర కక్ష్యలోని రెండు ఉపగ్రహాలతో నడిచింది. సిరియస్ మూడింటిని దీర్ఘవృత్త కక్ష్యలో తిప్పింది. అందువల్ల ఉత్తరాది రాష్ట్రాల్లో నడిచే కారుకు సిరియస్ ఉపగ్రహం నడినెత్తికి దగ్గరగా ఉండేది. ఎక్స్‌ఎంకు ఆ వీలు లేదు కనుక ఎత్తైన భవనాల మధ్య సంకేతం తెగిపోకుండా నగరాల్లో సంకేతాన్ని నేల మీది నుంచి తిరిగి ప్రసారం చేసే రిపీటర్లను వందల సంఖ్యలో నిలబెట్టింది.

చరిత్రకారులు రెండు వాక్యాల్లో దాటేసే కాలం ఇక్కడే మొదలవుతుంది. 2001 నుంచి 2006 దాకా చాలామందికి ఈ రేడియో కారుతో పాటు రాలేదు. దుకాణంలో పెట్టె కొనుక్కుని తామే బిగించుకున్నారు, లేదా మెకానిక్‌తో బిగింపించుకున్నారు. యాంటెన్నా అరచేతిలో ఇమిడేంత ఉండేది, అడుగున అయస్కాంతం. దాన్ని టాపు అంచులకు కొన్ని అంగుళాలు ఎడంగా, సన్‌రూఫ్‌కూ లగేజీ కడ్డీలకూ దూరంగా పెట్టాలి. చుట్టూ చదునైన లోహం ఉంటేనే సంకేతం బాగా అందుతుంది. అక్కణ్నుంచి వైరును వెనక అద్దం రబ్బరు బీడింగ్ కిందుగా డిక్కీలోకి దించి, వెనక సీటు అడుగున లాగి, గుమ్మం పట్టీ లోపలగా డ్యాష్‌బోర్డుకు చేర్చాలి. యాంటెన్నాలో ఉన్న చిన్న యాంప్లిఫయరుకు కరెంటు కూడా ఆ వైరులోనే వెళ్తుంది. వైరు ఎక్కువైందని కత్తిరించినా, తలుపు సందులో నలిగినా అంతటితో సరి. మిగిలిన వైరును చుట్ట చుట్టి దాచడమే పద్ధతి.

అసలు చిక్కు కారు స్పీకర్లకు పాట చేర్చడంలో వచ్చేది. పాత కార్లలో చాలావాటికి బయటి పరికరం తగిలించే సాకెట్ లేదు. అందుకని రిసీవరులోని చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటరు కారు రేడియోకు పాట పంపేది. నగరంలో ఖాళీ పౌనఃపున్యం దొరకడమే కష్టం, దొరికినా నాలుగు వీధులు దాటేసరికి మరో స్టేషను మీద పడేది. కొన్ని ట్రాన్స్‌మిటర్లు పరిమితిని మించి ప్రసారం చేస్తున్నాయని 2006లో తేలడంతో ఎఫ్‌సీసీ జోక్యం చేసుకుంది, రెండు కంపెనీలూ వాటిని సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఇన్ని తంటాలు పడి జనం ఈ రేడియో పెట్టించుకున్నారంటే, ఆ శ్రమ కూడా చరిత్రే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 2005లో సిరియస్ చందాదారులు 11 లక్షల నుంచి 33 లక్షలకు పెరిగారు. ఇందులో స్టెర్న్ వాటా పెద్దదే, కాదనను. అయితే అదే ఏడాది స్టెర్న్ లేని ఎక్స్‌ఎం 32 లక్షల నుంచి 59 లక్షలకు చేరింది. జనరల్ మోటార్స్, హోండా దానిలో పెట్టుబడి పెట్టి తమ కార్లలో ఫ్యాక్టరీలోనే రిసీవర్లు అమర్చాయి. 2008లో రెండు కంపెనీలూ విలీనమయ్యాయి. మరుసటి ఏడు స్టెర్న్ ప్రసారంలోనే ఉన్నాడు, అయినా చందాదారులు తగ్గారు. 2007లో 1.6 కోట్లు దాటిన అమెరికా వాహన విక్రయాలు 2009లో కోటీ నాలుగు లక్షలకు పడిపోయాయి. మాంద్యంలో జనం చందాలు మానుకోవడమూ ఒక కారణమే. అయినా కారు అమ్మకాలతో పాటే ఈ రేడియో లేచిందీ, పడిందీ.

మన దేశంలో జరిగినదీ ఈ వాదనకే బలమిస్తోంది. వరల్డ్‌స్పేస్ అనే ఉపగ్రహ రేడియో కంపెనీ 2000లో ప్రయోగించిన ఆసియాస్టార్ ఉపగ్రహం ద్వారా ఇక్కడ ప్రసారాలు ఇచ్చింది. తెలుగుకు స్పందన అనే ఛానల్, కర్ణాటక సంగీతానికి శ్రుతి ఉండేవి. ఏ.ఆర్.రహమాన్ ప్రచారం చేశాడు. సరుకు మంచిది, పేరున్న మనిషి అండా ఉంది. కానీ హైదరాబాదులో వినాలంటే యాంటెన్నాను ఆగ్నేయ దిక్కుకు, ఆకాశం కనిపించేలా కిటికీలోనో బాల్కనీలోనో నిలపాలి. మలుపు మలుపుకీ దిక్కు మారే కారులో ఆ పప్పులు ఉడకవు. అందుకు తగిన రిసీవర్లూ, నగరాల్లో రిపీటర్లూ ఇక్కడ రాలేదు. 2008 అక్టోబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, 2009 డిసెంబరు 31తో భారత ప్రసారాలు ఆగిపోయాయి. అప్పుల భారం, ఉచిత ఎఫ్‌ఎం పోటీ కూడా కారణాలే. కారులోకి చేరలేకపోవడాన్ని మాత్రం ఆ జాబితాలో ఎవరూ తగినంతగా లెక్కించలేదు.

ఇవాళ అమెరికాలో యాంటెన్నా చేప రెక్కలాంటి మూత కింద ఒదిగిపోయింది. వైరు లాగే పని లేదు, అది మంచి మార్పే. సెల్ సిగ్నల్ అందని ఎడారి దారుల్లో ఈ రేడియో ఇప్పటికీ పలుకుతుంది, ఆ మేలు చిన్నది కాదు. కానీ ఛానళ్ల సంఖ్య పెంచడానికి ధ్వనిని బాగా కుదించడంతో పాట పలచబడింది. ఒకప్పుడు కోరి బిగించుకున్నవాళ్లే చందా కట్టేవారు. ఇప్పుడు కొత్త కారుతో ఉచిత గడువు ముందే వస్తుంది, అడగకుండా వచ్చినదాన్ని మానుకోవడమే కష్టమైంది. విలీనమైన కంపెనీ చందా రద్దు ప్రక్రియ చట్టానికి విరుద్ధంగా ఉందని 2024 నవంబరులో న్యూయార్క్ కోర్టు తీర్పు చెప్పింది. దీన్ని ప్రగతి అని నేను ఒప్పుకోలేను.

జనం తామే బిగించుకున్న ఆ ఐదారేళ్ల నాటి బిగింపు పుస్తకాలు, రెండు వైర్ల తొలి ఎక్స్‌ఎం యాంటెన్నాలు ఇంకా కొన్ని గ్యారేజీల్లో పడి ఉంటాయి. అమెరికాలోని మన తెలుగువాళ్ల దగ్గరా ఉండొచ్చు. వాటిని పారేయకండి, ఎలా బిగించారో రాసి పెట్టండి.