దొడ్డజాల స్టేషను, మన చిన్న రైలు

ఎయిర్‌పోర్టు రోడ్డులో పోయేటప్పుడు దొడ్డజాల బోర్డు మనమందరం చూసిందే. ఆ ఊర్లో పాతకాలం రాతి రైల్వే స్టేషను ఒకటుందని మన పిల్లల్లో చాలామందికి తెలీదు. రైళ్ళు ఇప్పటికీ పక్కనుంచే పోతాయి గానీ, ఆ కట్టడం పని మాత్రం ఎప్పుడో నిలిచిపోయింది.

మైసూరు సంస్థానంలో 1913లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట, నుంచి కోలారుకి రైలు మొదలయింది. 1915లో యశవంతపురం నుంచి యలహంక, దేవనహళ్ళి మీదుగా చిక్కబళ్ళాపురానికి ఇంకో లైను వచ్చింది. రెండూ న్యారోగేజే. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంతే. పెద్ద లైనుకంటే ఖర్చు తక్కువ కాబట్టి చిన్న ఊర్లకి కూడా రైలు అందింది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి చిక్కబళ్ళాపురం పక్కనే. ఇంటిపేరు మాత్రం గిద్దలూరు వైపు ఉండే మోక్షగుండం ఊరిది. మనలాగే ఎప్పుడో వలస వచ్చిన తెలుగువాళ్ళే.

తరువాత ఈ రెండు లైన్లూ చింతామణి, శ్రీనివాసపురం మీదుగా కలిసినాయి. ఆ ఊర్లలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మన తాతోళ్ళది చింతామణి వైపే. మనవాళ్ళు బెంగళూరు చేరింది ఈ 'చిన్న బండి'లోనే అని పెద్దోళ్ళు చెప్తారు.

మరి ఎందుకు మూతపడింది? న్యారోగేజి పెట్టె పెద్ద లైను మీద పోదు. గేజి మారే చోట సరుకంతా దించి మళ్ళీ ఎక్కించాల. లారీకి ఆ బాధ లేదు, తోట నుంచి నేరుగా మార్కెట్టుకి పోతుంది. చివరికి పట్టాలన్నీ బ్రాడ్‌గేజికి మార్చినారు. కోలారు, చిక్కబళ్ళాపురం మధ్య ఆ పని 2013కి ముగిసింది. కొత్త పట్టాలొచ్చినాయి, పాత స్టేషన్లు వెనకబడిపోయినాయి.

2021 జనవరిలో ఇదే లైనులో ఎయిర్‌పోర్టు హాల్టు తెరిచినారు. సబర్బన్ రైలు నాలుగు మార్గాల్లో 'సంపిగె' కూడా దేవనహళ్ళికే. నంది హాల్టును ఇంటాక్ సంస్థ బాగుచేయించింది. దొడ్డజాలనూ అట్లే నిలబెడితే టికెట్టు గదిగానో, జనం కూర్చునే చోటుగానో మళ్ళీ పనికొస్తుంది. టెస్టింగు పనిలో ఉండేవాళ్ళం మేము ఒకటి అడుగుతాం: పాతది తీసేముందు దానితో ఇంకా ఎవరికి అవసరముందో చూసినారా?

మన ఇండ్లలో చిన్న బండి టికెట్టు గానీ, ఫోటో గానీ ఉంటే పంపండి. దాంట్లో ఎక్కినోళ్ళు మనలో ఇంక కొందరే ఉండారు. వాళ్ళ మాటలు ఇప్పుడే రాసి పెట్టుకుందాం.